వేర్వేరు కంప్యూటర్లతో ఆడితే చెస్ టైటిల్ ఎవరికివ్వాలి?

అనంతపురంలో మా చెస్ క్లబ్ పిల్లలు సొంతంగా రాసిన ఇంజిన్లతో, అంటే చెస్ ఆడే ప్రోగ్రామ్‌లతో, టోర్నమెంట్ పెడుతున్నాం. ఒకరిది 4 కోర్ల (ప్రాసెసర్‌లో ఒకేసారి లెక్కలు చేసే భాగాలు) పాత ల్యాప్‌టాప్, ఇంకొకరిది 16 కోర్ల గేమింగ్ పీసీ. కోర్లు పెరిగితే అదే ప్రోగ్రామ్ అదే టైములో ఇంకా లోతుగా, అంటే ఇంకా ఎక్కువ ఎత్తుల ముందు దాకా, వెతుకుతుంది. మరి గెలిచేది పిల్లాడి కోడా, నాన్న కొనిచ్చిన మెషీనా?

ప్రపంచ కంప్యూటర్ చెస్ పోటీల్లోనూ ఈ గొడవ నడిచింది. 2009లో 8 కోర్ల పరిమితి పెట్టారు. 2010లో అందరికీ ఒకే రకం మెషీన్ ఇచ్చి సాఫ్ట్‌వేర్ టైటిల్ విడిగా మొదలుపెట్టారు. నాకు ఈ రెండోదే న్యాయమనిపిస్తోంది. కానీ ఒకమ్మాయి ఇంజిన్ పెద్ద న్యూరల్ నెట్‌వర్క్‌తో (ఉదాహరణల నుంచి నేర్చుకునే మోడల్) నడుస్తుంది, అందరికీ ఇచ్చే మెషీన్‌లో గ్రాఫిక్స్ కార్డ్ లేకపోతే బాగా నెమ్మదిస్తుంది. నాకు టెన్షన్ అంతా ఆ పిల్ల గురించే. ఒకే రకం మెషీన్‌కి ఒకటి, సొంత మెషీన్‌కి ఒకటి అని రెండు టైటిళ్లు పెట్టాలా? ఇలాంటివి నడిపినవాళ్లు మీ రూల్స్ ఎలా రాసుకున్నారో దయచేసి చెప్పండి.