ఎంఆర్ఐ రాసిన డాక్టర్‌కు సెంటర్ నుంచి వాటా వెళ్తుందా?

ప్రశ్న:
మా నాన్నకు నడుంనొప్పి. ఊళ్లో ఆర్ఎంపీ గారు టౌన్‌లో ఒక ఎముకల డాక్టర్ దగ్గరకు పంపారు, ఆయన ఎంఆర్ఐ రాసి ఫలానా సెంటర్‌లోనే తీయించమన్నారు. ఇంకో సెంటర్‌లో కనుక్కుంటే, డాక్టర్ పేరు లేకుండా 'సెల్ఫ్' అని రాయించుకుంటే బాగా తగ్గిస్తామన్నారు. మరి పేరు రాస్తే ఆ డబ్బు ఎవరికి పోతున్నట్టు? డాక్టర్‌ని అడుగుదామంటే నాన్న వైద్యం మీద ఆ కోపం చూపిస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
మీ అనుమానం నిజమే అయ్యుండొచ్చండీ. నేను ఒక డయాగ్నస్టిక్ సెంటర్ కౌంటర్‌లో పనిచేశాను. రసీదు మీద 'రిఫర్డ్ బై' అని ఉంటుంది కదా, నెలాఖరుకు ఆ పేర్లవారీగా లెక్క తీస్తే పీఆర్వో (సెంటర్ తరఫున డాక్టర్లను కలిసే ఉద్యోగి) డబ్బు కవర్లు పట్టుకెళ్లి ఇచ్చొచ్చేవాడు. రక్తపరీక్షల మీద కంటే స్కానింగుల మీద ఎక్కువ. కవర్ వద్దని తిప్పి పంపి, పేషెంట్‌కే తగ్గించమనే డాక్టర్లూ ఉండేవారు, అందరినీ ఒకే గాటన కట్టొద్దు. ఆర్ఎంపీలకైతే ఆస్పత్రి బిల్లులో పర్సంటేజీ అని మాకందరికీ తెలుసు. కట్టేవాళ్లకే ఆ సంగతి తెలియదు, నాకు బాధనిపించేది అదే.

జవాబు 2:
నేను డాక్టర్ని. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి 6.4 ప్రకారం పేషెంట్‌ని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, అడగడం, తీసుకోవడం అన్నీ తప్పే. 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు తెచ్చి అదే నెలలో ఆపేశారు, మళ్లీ పాతవే అమల్లోకి వచ్చాయి. అయితే ఫలానా చోటే అనడానికి మంచి కారణం కూడా ఉండొచ్చు: మిషన్ బాగుండటం, రిపోర్ట్ ఇచ్చే రేడియాలజిస్టు మీద నమ్మకం. "సార్, 1.5 టెస్లా మిషన్ ఉన్నచోట ఎక్కడ తీయించినా పర్లేదా?" అని మామూలుగా అడగండి (టెస్లా అంటే మిషన్ అయస్కాంతం బలానికి కొలత), ఆ మాటకు కోపం తెచ్చుకునే డాక్టర్ అయితే నడుం సంగతి ఇంకొకరికి చూపించుకోవడమే మేలు.

జవాబు 3:
ఫిర్యాదు చేయాలంటే మీ రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు రాతపూర్వకంగా ఇవ్వాలి, 6 నెలల్లో తేల్చాలని ఆ నియమావళిలోనే ఉంది. ఆర్ఎంపీ పేరు మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉండదు కాబట్టి అతన్ని వాళ్లు పిలవలేరు, కానీ అతనికి డబ్బిచ్చిన డాక్టర్‌ని పిలవగలరు. రెండు సెంటర్ల రేట్లూ కాగితం మీద రాయించుకోండి, డాక్టర్ చీటీ ఫోటో తీసి పెట్టుకోండి. ముందు నాన్నగారి స్కాన్ కానివ్వండి, అది ఆలస్యం చేయొద్దు.