నర్సరీ చెరువులో సబ్బు-నూనె: స్పాన్ వదిలాక కూడా చల్లొచ్చా?

కైకలూరు నర్సరీ: నర్సరీ చెరువులో స్పాన్ (మూడు రోజుల చేపపిల్లలు) వదిలే ముందు, వాటిని తినే నీటి పురుగుల్ని చంపడానికి సబ్బు, నూనె కలిపి చల్లుతాం. వదిలాక మళ్లీ పురుగులు కనిపిస్తే అదే చల్లమనేవాళ్లు ఉన్నారు, వద్దనేవాళ్లూ ఉన్నారు. పురుగు పైకొచ్చి గాలి పీలుస్తుంది, చేప మొప్పలతో నీళ్లలోనే పీలుస్తుంది. మరి నూనె పొర చేపనేం చేస్తుంది?

చెరువు గట్టు: ఏమీ చేయదు, చల్లండి. వెల్లకిలా ఈదే పురుగును చూడండి, పొట్ట కింద వెండిలా మెరిసేది గాలే. అది అయిపోగానే తోక కొస పైకి పెడుతుంది. శ్వాసరంధ్రాల దగ్గరి రోమాలు నీటిని అంటనీయవు, నూనెను ఆపలేవు. నూనె వాయునాళాల్లోకి దిగి ఊపిరాడక చస్తుంది. హెక్టారుకు 56 కిలోల నూనె, 18 కిలోల బట్టల సబ్బు. సబ్బు తురిమి వేడినీళ్లలో కరిగించి, నూనె పోస్తూ బాగా కలిసేదాకా తిప్పాలి.

మొప్పల మాస్టారు: గట్టు గారూ, పురుగు గురించి మీరన్నది నిజమే, స్పాన్ గురించి కాదు. మూడు రోజుల పిల్లకు మొప్పలింకా పూర్తిగా రావు, ఎక్కువగా చర్మంతోనే పీలుస్తుంది. ఆ లేత చర్మానికి సబ్బు తగలకూడదు. పైగా చాలా జాతుల పిల్లలు గాలితిత్తిని (నీళ్లలో తేలడానికి ఒంట్లో ఉండే గాలి సంచిని) మొదటిసారి నింపుకోడానికి పైకొచ్చి గుటక వేస్తాయి. అక్కడ నూనె ఉంటే తిత్తి నిండదు, పిల్ల సరిగా ఈదలేదు. ఇంకొకటి: 28 డిగ్రీల దగ్గర లీటరు గాలిలో 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, లీటరు నీటిలో గాలి నుంచి కరిగేది 8 లోపే. తెల్లవారుజామున అది ఇంకా పడిపోతుంది, అప్పుడు పైనుంచి కరిగే కాస్తనూ పొర అడ్డుకుంటుంది. స్పాన్ వదలడానికి 12 నుంచి 24 గంటల ముందే చల్లాలి, ఆ తర్వాత వద్దు.

కొరమీను: మా చేపకైతే అసలు వద్దు. కొరమీను పిల్ల కాస్త ఎదగగానే గాలి పీల్చడం మొదలుపెడుతుంది. పైకి రానివ్వకపోతే ఆక్సిజన్ నిండుగా ఉన్న నీళ్లలోనూ చస్తుంది. ఆ పొర పురుగుకెంతో దీనికీ అంతే.

చెరువు గట్టు: గాలితిత్తి సంగతి ఒప్పుకుంటున్నా. మరి వదిలాక వచ్చిన పురుగుల్ని ఏం చేయమంటారు? ఒక్కోటీ రోజూ ఎన్ని పిల్లల్ని తింటుందో!

మొప్పల మాస్టారు: పిల్ల దూరిపోయి పురుగు ఆగే కన్నున్న వల లాగండి. తూనీగ పిల్లపురుగుకు ఎలాగూ వలే దిక్కు. అది వెనక నుంచి నీళ్లు లోపలికి లాక్కుని, పేగు చివర ఉన్న మొప్పలతో పీలుస్తుంది, గాలి కోసం పైకి రాదు. నూనె పోసినా అడుగున హాయిగా ఉంటుంది. ముందే చల్లేటప్పుడూ గాలి లేని పూట చూసుకోండి. గాలి వీస్తే పొరంతా ఒక గట్టుకు చేరుతుంది, మిగతా చెరువులో పురుగులు బతికే ఉంటాయి.