పెట్రోల్ తగిలితే ఊడిపోతున్న ఇంజన్ పెయింట్, ఓవెన్‌లో కాల్చడం గురించి చెప్పండి

అన్నలూ, మా నాన్నగారి 1994 యమహా ఆర్‌ఎక్స్ 100 బైక్ ఇంజన్ విప్పి ఇంటి షెడ్డులో నేనే పెయింట్ వేస్తున్నాను. బ్లాకు (సిలిండర్ ఉండే భాగం), దాని మీద మూతలా ఉండే హెడ్డు కిరోసిన్‌తో కడిగి, వైర్ బ్రష్‌తో రుద్ది, థిన్నర్‌తో తుడిచి, 600 డిగ్రీలు తట్టుకుంటుందని డబ్బా మీద రాసిన నల్ల స్ప్రే మూడు కోటింగులు కొట్టి రెండు రోజులు ఎండలో పెట్టాను, మే నెల ఎండ కదా, సరిపోతుందనుకున్నా. ముట్టుకుంటే గట్టిగానే ఉంది. నిన్న కార్బురేటర్ బిగిస్తుంటే ఒక్క చుక్క పెట్రోల్ పడింది, గుడ్డతో తుడిస్తే రంగు గుడ్డకే వచ్చేసి కింద తెల్లటి అల్యూమినియం కనిపించింది. ప్రాణం ఉసూరుమంది.

డబ్బా వెనక చిన్న అక్షరాల్లో చూస్తే 200 డిగ్రీల్లో గంటసేపు కాలిస్తేనే పూర్తిగా గట్టిపడుతుందని ఉంది, ఎండకి అంత వేడి ఎక్కడిది.

ఇప్పుడు పాత ఓటీజీ ఓవెన్ ఒకటి దీనికోసమే కొందామనుకుంటున్నా (వంట ఓవెన్‌లో ఆ పొగ పెట్టలేను, ఇంట్లో చిన్నపిల్లలున్నారు). నేరుగా 200కి పెట్టాలా, తక్కువ వేడితో మొదలుపెట్టి పెంచుతూ పోవాలా? బ్లాకు మందం కదా, గంట లెక్క ఓవెన్ వేడెక్కినప్పటి నుంచా, లోహం వేడెక్కినప్పటి నుంచా? ఇంజన్ బిగించి నడిపితే ఆ వేడికే సెట్టవుతుందని మా మెకానిక్ అంటున్నాడు, హెడ్డు సరే, బ్లాకు అడుగు భాగానికి అంత వేడి అందుతుందా అని నా అనుమానం. ఫిన్ల (ఇంజన్‌ని చల్లబరిచే రెక్కల) మధ్య లోతుల్లోకి స్ప్రే సరిగ్గా వెళ్లడం లేదు, అక్కడ ఎక్కువ కొడితే బుడగలొస్తున్నాయి. క్రాంక్ కేసు (బ్లాకు కింద ఉండే ఇంజన్ డొప్ప) కూడా కాల్చాలంటే ఆయిల్ సీల్స్, బేరింగులు అన్నీ తీసేయాల్సిందేనా? ఇంట్లో చేసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, ఈ బండిని మళ్లీ నాన్న చేతికివ్వాలి.