ఆస్ట్రేలియా అడవుల్లోని పిల్లులను చంపడం న్యాయమేనా?

మంజీర (అడిలైడ్):
ఇక్కడి మన తెలుగు కుటుంబాలు కలిసినప్పుడల్లా ఈ వాదన వస్తోంది. కాన్‌బెర్రాలో 2022 జూలై 1 తర్వాత పుట్టిన పిల్లులను ఇంటి ఆవరణ దాటనివ్వకూడదన్న నియమం పెట్టారు. దానికే కొందరు బాధపడుతుంటే, అడవిపాలైన పిల్లులను ప్రభుత్వమే చంపిస్తోందని తెలిసి ఇంకా బాధపడుతున్నారు. నా మాట సూటిగా చెబుతాను: చంపక తప్పదు. తెల్లవాళ్ల ఓడల్లో వచ్చిన ఈ జంతువు ఇప్పుడు ఖండంలో 99 శాతానికి పైగా నేల మీద తిరుగుతోంది. కరువు ఏడాది వీటి సంఖ్య 14 లక్షలు ఉంటే, వానలు బాగా పడిన ఏడాది 56 లక్షల దాకా పెరుగుతుందని అంచనా. బిల్బీ, బెట్టాంగ్, నంబాట్ వంటి ఇక్కడి చిన్న స్థానిక క్షీరదాలకు ఇలాంటి వేటగాడి నుంచి తప్పించుకోవడమే తెలియదు. తెల్లవాళ్లు వచ్చి స్థిరపడిన 1788 నుంచి ఈ దేశంలో 30కి పైగా క్షీరద జాతులు అంతరించాయి. వాటిలో సగానికి పైగా జాతుల వినాశంలో పిల్లి హస్తం ఉంది.

కొండగాలి:
ఆ జాతుల మీద నాకూ అంతే ప్రేమ ఉంది. కానీ చంపే పద్ధతి చూడండి. ఎరల్లో పెట్టే 1080 అనే విషం గంటల తరబడి హింసించి చంపుతుంది. అది దయగల పద్ధతి కాదని ఆస్ట్రేలియాలోని జంతు సంక్షేమ సంస్థ ఆర్‌ఎస్‌పీసీఏ కూడా అంటోంది. పిల్లి తప్పేముంది? తెచ్చి వదిలింది మనిషే కదా.

వెన్నెల:
పట్టుకుని, పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేసి వదిలేయవచ్చు కదా? మన ఊళ్లలో కుక్కలకు చేస్తున్నది అదే.

మంజీర (అడిలైడ్):
వెన్నెల గారూ, శస్త్రచికిత్స అయిన పిల్లికీ ఆకలి వేస్తుంది. వదిలిన రాత్రే వేటకు వెళుతుంది. పైగా ఇంత పెద్ద ఎడారిలో వాటన్నిటినీ పట్టేదెవరు?
కొండగాలి గారూ, 1080లోని రసాయనం నైరుతి ఆస్ట్రేలియాలోని కొన్ని మొక్కల్లో సహజంగానే ఉంది. అందుకే అక్కడి స్థానిక జంతువులు దాన్ని చాలావరకు తట్టుకుంటాయి, బయటినుంచి వచ్చిన నక్క, పిల్లి తట్టుకోలేవు. ఫెలిక్సర్ అనే యంత్రం ఇంకా జాగ్రత్తగా పనిచేస్తుంది. ఎదుట నడిచే జంతువు ఆకారాన్ని గుర్తుపట్టి, పిల్లి అయితేనే బొచ్చు మీద విషపు జిగురు చిమ్ముతుంది. పిల్లి దాన్ని నాకి చనిపోతుంది.

తుంగభద్ర:
చంపాలా వద్దా అన్న దగ్గరే ఆగిపోతున్నాం. చంపితే ఆ నేలలో ఏమవుతుందన్నది నాకు అంతకన్నా ముఖ్యం. 2015లో ప్రభుత్వం 2020 లోపు 20 లక్షల పిల్లులను చంపాలని లక్ష్యం పెట్టుకుంది. అది తలల లెక్క. ఎక్కడ, ఏ జాతి కోసం అన్నది అందులో లేదు. ఒకచోట పది పిల్లులు చస్తే, ఖాళీ అయిన ఆ నేలలోకి పక్కనున్న పిల్లులు వచ్చేస్తాయి.
ఆస్ట్రేలియాకూ అంటార్కిటికాకూ మధ్య ఉన్న మాక్వారీ దీవి సంగతి చూడండి. 2000 నాటికి అక్కడ పిల్లులను పూర్తిగా తొలగించారు. కుందేళ్లను అదుపులో ఉంచుతున్న వైరస్ ప్రభావం కూడా తగ్గుతున్న కాలం అది. కుందేళ్లు విపరీతంగా పెరిగి దీవిలోని పచ్చదనాన్ని మేసేశాయి. 2006లో కొండచరియ విరిగి పెంగ్విన్ల స్థావరం మీద పడింది. చివరికి కుందేళ్లు, ఎలుకలు కూడా లేకుండా చేశామని 2014లో ప్రకటించగలిగారు.
ఉత్తరాన కింబర్లీలో మరో పాఠం ఉంది. గడ్డి కాలిపోయిన చోట చిన్న జంతువులకు దాక్కునే నీడ ఉండదు. పిల్లులు తమ తిరుగుడు హద్దులు దాటి కిలోమీటర్ల దూరం నుంచి అక్కడికి వేటకు వస్తాయి. అంటే మంటలనూ, పశువుల మేతనూ అదుపు చేయడం కూడా పిల్లుల నుంచి కాపాడే పనే. ఇక డింగో, అంటే ఇక్కడి అడవి కుక్క. పిల్లికి అది శత్రువు. గొర్రెల కోసం ఆ డింగోలకే 1080 ఎర వేస్తున్నారు! ఇది నాకు ఎంతకీ మింగుడుపడదు.

మంజీర (అడిలైడ్):
మాక్వారీ కథలో మీరు చెప్పని భాగం ఒకటుంది. పిల్లులు పోయాకే బూడిదరంగు పెట్రెల్ పక్షులు, వందేళ్లకు పైగా విరామం తర్వాత, మళ్లీ అక్కడ గుడ్లు పెట్టాయి. కుందేళ్లను కూడా ఒకేసారి తొలగించాల్సింది. అది ప్రణాళికలోని లోపం, పిల్లులను ఉంచాలనడానికి కారణం కాదు. డింగో విషయంలో మాత్రం పూర్తిగా మీతోనే ఉన్నాను.
మా రాష్ట్రంలో రాక్స్‌బీ డౌన్స్ దగ్గర అరిడ్ రికవరీ అనే వన్యప్రాణి సంరక్షణ క్షేత్రం ఉంది. 123 చదరపు కిలోమీటర్ల నేలకు కంచె కట్టారు. కంచె లోపల బిల్బీలు నిశ్చింతగా ఉంటాయి, కానీ పిల్లి భయం మరిచిపోతాయి. అందుకని అక్కడి పరిశోధకులు ఒక ఆవరణలో కొద్దిపాటి పిల్లులను ఉంచి, వాటి మధ్య బిల్బీలను పెరగనిచ్చారు. అలా పెరిగినవి తర్వాత పిల్లుల మధ్య మెరుగ్గా బతికాయి. కంచె శాశ్వతం కాదని ఒప్పుకుంటూనే, అది ఇచ్చే గడువును ఇలా వాడుకోవాలి.

కొండగాలి:
ఈ ప్రయోగం నాకు నచ్చింది. పశ్చిమ ఎడారిలోని కివిర్‌కురాలో పింటుపి అనే ఆదివాసీ తెగ వేటగాళ్లు అడుగుజాడలు పట్టి ఒక్కో పిల్లిని వేటాడి, వండుకుని తింటారు. ఏ జంతువును చంపుతున్నామో తెలిసే చంపుతారు. అలాంటి చోట చంపడానికి నేను అడ్డు చెప్పను. విమానాల నుంచి విషపు ఎరలు వెదజల్లడానికి మాత్రం ఒప్పుకోను. క్వీన్స్‌లాండ్‌లో పశువుల మేత కోసం యంత్రాలతో అడవిని నేలమట్టం చేస్తున్నవారి మీద ఇదే పట్టుదల చూపించమనండి. 2022లో కోవాలాను క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, కాన్‌బెర్రా ప్రాంతంలో అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించారు కదా, అందుకు ప్రధాన కారణం పిల్లులు కాదు.

తుంగభద్ర:
నిజమే. పిల్లి మీద యుద్ధానికి ఏ ఓటరూ అడ్డుపడడు. పశువుల మేత భూమి జోలికి వెళితే అడ్డుపడతారు.