పాత మోటారు సైరన్ ఒకటి దొరికింది, ఏ కాలందో ఎలా తెలుసుకోవాలి? (బరంపురం)

బరంపురం_బాబీ:
అందరికీ నమస్కారం. మాది గంజాం జిల్లా బరంపురం. మా పేటలో మూతబడ్డ పాత మిల్లు ఒకటుంది, దాని డాబా మీద ఇనప స్టాండుకి ఒక సైరన్ బిగించి ఉంది, మధ్యలో మోటారు, రెండు వైపులా డ్రమ్ములు, డ్రమ్ము చుట్టూ నిలువు సందులు, పైన రేకు గొడుగు. నేమ్‌ప్లేట్ మీద పెయింటు మీద పెయింటు కొట్టేశారు, అక్షరం కనపడట్లేదు. బిల్డింగ్ పడగొట్టేస్తారంట, పాత ఇనప సామాన్ల షాపాయన వచ్చి చూసి కూడా వెళ్ళాడు, మోటార్లో రాగి ఉంటుంది కదా, తూకానికి పోతుందేమో అని నాకు మనసు ఆగట్లేదు. ఇది యుద్ధం రోజులదా లేక మిల్లు షిఫ్టులకి పెట్టిందా? ఒక్కసారి మోగించి రికార్డ్ చేసుకోవచ్చా? అమెరికాలో అయితే ఏ ఊళ్ళో ఏ స్తంభం మీద ఏ మోడల్ ఉందో మ్యాపులో పెట్టుకుని మరీ తిరుగుతారు, 1952లో వచ్చిన క్రైస్లర్ సైరన్ అని 180 హార్స్‌పవర్ వీ8 ఇంజన్‌తో నడిచేది, దాన్ని విప్పి బాగుచేసి మళ్ళీ మోగించినవాళ్ళున్నారు. మన వైపు ఎవరైనా ఇలా రాసి పెడుతున్నారా?

రాయగడ_వైండింగ్:
బాబీ తమ్ముడూ, ముందు కరెంటు మాత్రం ఇవ్వొద్దు. ఏళ్ళ తరబడి వానలో తడిసిన వైండింగ్, మెగ్గర్ (వైండింగ్ ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటరు) పెట్టి చూడకుండా ఫేజు ఇస్తే కాలిపోతుంది, స్టాండుకి షాక్ కూడా రావచ్చు. చేత్తో రోటర్ తిప్పి చూడు, ఫ్రీగా తిరుగుతోందా, బేరింగ్ పట్టేసిందా, లోపల పావురాల గూడు కందిరీగల గూడు ఉంటాయి జాగ్రత్త. నేమ్‌ప్లేట్‌కి గ్రైండర్ పెట్టకు, గుడ్డకి థిన్నర్ తడిపి మెల్లగా రుద్దు, అక్షరాలు పంచ్ చేసినవైతే పైకి తేలతాయి.
ఇక అసలు సంగతి. రెండు డ్రమ్ముల సందులు విడివిడిగా లెక్కపెట్టు. సైరన్‌లో స్పీకరేమీ ఉండదు, లోపల తిరిగే రోటర్ గాలిని విసురుతుంది, బయట డ్రమ్ము సందులు ఆ గాలిని తెరుస్తూ మూస్తూ ఉంటాయి, సెకనుకి ఎన్నిసార్లు తెగితే అదే స్వరం. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద టూ పోల్ మోటారు (వేగంగా తిరిగే రకం) లోడు మీద 2850 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 2850 చుట్ల దగ్గర తిరుగుతుంది అనుకో, పది సందులుంటే సెకనుకి 475 సార్లు, అంటే 475 హెర్ట్జ్, పన్నెండుంటే 570. అంటే మోగించకుండానే దాని గొంతు తెలిసిపోతుంది. మిల్లు వాళ్ళకి షిఫ్టు తెలిస్తే చాలు, ఒక్క స్వరం సరిపోతుంది. ఒక పక్క 10 ఇంకో పక్క 12 అయితే అది బ్రిటన్ వాళ్ళ వైమానిక దాడి సైరన్ లెక్క.

గోపాల్‌పూర్_అలలు:
మోగించడం గురించి నేను చెప్పాలి. మాది సముద్రం ఒడ్డు. 2013 అక్టోబర్ 12 సాయంత్రం ఫైలిన్ తుఫాను మా దగ్గరే తీరం దాటింది, ఆ రాత్రి చూసినవాళ్ళకి సైరన్ అంటే వీడియో కాదు. ఆ తర్వాత 2018లో ఒడిశా తీరం పొడుగునా 122 హెచ్చరిక టవర్లు పెట్టారు, గంజాంలో కూడా ఉన్నాయి. ఎవరో సరదాకి మిల్లు డాబా మీద కూత పెడితే ముసలాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని షెల్టర్‌కి పరిగెడతారు. ఒకసారి అలా ఉత్తి కూత విన్నాక, నిజంగా మోగిన రోజు కదలరు, నా భయం అది.
2025 మే 7న దేశమంతా సివిల్ డిఫెన్స్ (దాడుల వేళ జనాన్ని కాపాడే ఏర్పాట్లు) మాక్‌డ్రిల్ జరిగింది కదా, ఆ లిస్టులో మా గోపాల్‌పూర్, అటు కోరాపుట్ కూడా ఉన్నాయి. మూడు రోజులకి టీవీ ఛానళ్ళకి కూడా ప్రోగ్రాముల్లో సివిల్ డిఫెన్స్ సైరన్ సౌండు వాడొద్దని చెప్పారు, జనానికి అవగాహన కల్పించడానికి తప్ప. కాబట్టి రిపేరు అయినా సరే ఓనరు, పోలీసులు, ఫైర్ స్టేషన్ ముగ్గురికీ చెప్పకుండా స్విచ్ వేయొద్దు. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా ఫైర్ సర్వీస్ వారం, 1944లో బొంబాయి డాక్ పేలుడులో పోయిన ఫైర్ వాళ్ళ జ్ఞాపకంగా చేస్తారు, ఆ టైములో స్టేషన్‌కి వెళ్ళి అడిగితే వాళ్ళే ఓపిగ్గా చూపిస్తారు, పాత సైరన్లు ఎక్కడెక్కడ ఉండేవో కూడా వాళ్ళ దగ్గరే తెలుస్తుంది.

పర్లాకిమిడి_మాస్టారు:
నేను సంగీతం చెప్పేవాణ్ణి. రాయగడ ఆయన లెక్క చూసి చాలా సంతోషమేసింది. 475 అంటే ఆరున్నర శ్రుతికి కాస్త పైన. దాన్ని షడ్జం, అంటే స, అనుకుంటే 570 సరిగ్గా సాధారణ గాంధారం, అంటే చిన్న గ, పదికి పన్నెండు అంటే ఐదుకి ఆరు కదా. రెండు డ్రమ్ములకీ ఒకటే ఇరుసు, అందుకే మెల్లగా లేచినా, కరెంటు ఆపేశాక జారిపోయినా ఆ రెండు స్వరాల మధ్య దూరం మాత్రం చెదరదు. కరెంటు ఇస్తూ ఆపుతూ ఉంటే పైకీ కిందకీ ఊగుతుంది, అది ప్రమాదం. ఊగకుండా ఒకే స్థాయిలో నిలబెడితే గండం గడిచిందని.
బాబూ, ఇనుము ఒక్కటే కాదు, దాన్ని విన్న మనుషుల్ని కూడా రికార్డ్ చెయ్యి. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డప్పటి మాటలు మా నాన్నగారు చెప్పేవారు, అలాంటివాళ్ళు ఇప్పుడు లేరు. 1971 యుద్ధంలో బ్లాకౌట్ (రాత్రి దీపాలన్నీ ఆర్పేయడం) చూసినవాళ్ళు మాత్రం ఇంకా ఉన్నారు, మిల్లులో పని చేసినవాళ్ళు ఉన్నారు. రోజుకి ఎన్నిసార్లు, ఏ వేళకి మోగేది, ఎంత దూరం వినపడేది అడిగి ఫోన్‌లో పెట్టుకో. మన జిల్లాల్లో ఇది తెలుగులో రాసిపెట్టడం చాలా అవసరం.

బరంపురం_బాబీ:
అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. మోగించే ఆలోచన మానేశాను, గోపాల్‌పూర్ ఆయన చెప్పింది నిజం. ఇవాళ వాచ్‌మన్‌ని అడిగి పైకెక్కి లెక్కపెట్టాను, ఎడమ పక్క 10, కుడి పక్క 12!! రోటర్ చేత్తో తిరుగుతోంది, కొంచెం కరకరమంటోంది. నేమ్‌ప్లేట్ మీద వోల్టులు 400 అని వచ్చింది, కంపెనీ పేరు ఉన్న పై వరుస తుప్పు తినేసింది. అయితే ఇది యుద్ధందేనా?

రాయగడ_వైండింగ్:
అబ్బ, భలే వార్త చెప్పావు! కానీ యుద్ధందే అని ఇప్పుడే రాయకు, ఆ 10-12 లెక్కతో యుద్ధం తర్వాత కూడా చాలాకాలం చేశారు. సివిల్ డిఫెన్స్ చట్టం మనకి 1968లో వచ్చింది, ఆ రోజుల్లో పెట్టింది కూడా అయ్యుండొచ్చు. బోల్టుల మరలు చూడు, అంగుళాల లెక్కా మిల్లీమీటర్లా, అంగుళాలైతే పాతదయ్యే అవకాశం ఎక్కువ. ఓనరుతో మాట్లాడి తూకం రేటు మనమే ఇచ్చేద్దాం, నా వంతు నేను వేస్తాను. దింపేటప్పుడు డ్రమ్ము కింద పడితే పోత ఇనుము పగిలిపోతుంది, చైన్ పుల్లీ లేకుండా ముట్టుకోవద్దు. ఆదివారం మెగ్గర్ పట్టుకుని నేనే వస్తా, గ్రీజు గన్ ఎవరి దగ్గరైనా ఉంటే తెచ్చి పెట్టించు.