బిగ్ స్టార్ తొలి ఆల్బమ్ (1972): మీరెలా విన్నారు? అప్పట్లో ఎందుకు అమ్ముడుపోలేదు?

ఆరోతీగ:
గిటార్ పాప్ వినేవాళ్లలో చాలామంది బీటిల్స్ నుంచి నేరుగా 1980ల అమెరికన్ బ్యాండ్ ఆర్.ఇ.ఎం. దగ్గరికి వెళ్లిపోతారు. ఆ మధ్యలో అమెరికాలోని మెంఫిస్ నుంచి వచ్చిన బిగ్ స్టార్ అనే బ్యాండ్ ఉంది. 1972లో వచ్చిన మొదటి ఆల్బమ్‌కు వాళ్లు పెట్టుకున్న పేరే 'నంబర్ వన్ రికార్డ్'. పత్రికలు బాగా మెచ్చుకున్నాయి. అయినా అప్పట్లో 10,000 కాపీలు కూడా అమ్ముడుపోలేదు. ఇంత మంచి పాటలకు అలా ఎందుకు జరిగిందో నాకు మింగుడుపడదు. మీ అనుభవాలు, రికార్డింగ్ గురించి తెలిసిన సంగతులు రాయండి.

పాతరికార్డులు:
మంచి టాపిక్ ఎత్తారండీ. ఈ ఆల్బమ్ గురించి మాట్లాడాలంటే ముందు దాన్ని రికార్డ్ చేసిన మెంఫిస్ ఆర్డెంట్ స్టూడియో గురించి చెప్పుకోవాలి. దాన్ని పెట్టిన జాన్ ఫ్రై చాలా గొప్ప సౌండ్ ఇంజినీర్. ఊళ్లో సంగీతం పిచ్చి ఉన్న కుర్రాళ్లకు రికార్డింగ్ పని నేర్పి, బుకింగులు లేని వేళల్లో స్టూడియోను వాళ్లకు వదిలేసేవాడు. బిగ్ స్టార్‌లో పాడుతూ గిటార్ వాయించిన క్రిస్ బెల్ అలా తయారైనవాడే. రాత్రుళ్లు కూర్చుని ఒక గిటార్ మీద ఇంకో గిటార్, ఒక గొంతు మీద ఇంకో గొంతు పేర్చుకుంటూ పోయాడు. హెడ్‌ఫోన్స్‌లో 'ది బ్యాలడ్ ఆఫ్ ఎల్ గూడో' వినండి, కలిసి పాడే గొంతులు (హార్మొనీలు) ఎంత శుభ్రంగా విడివిడిగా వినిపిస్తాయో! డబ్బుకు ఆశపడి చేసే పని కాదది. స్టూడియో గంటల లెక్క నెత్తిమీద లేకపోబట్టే అంత ఓపిగ్గా చేయగలిగారని నా అభిప్రాయం.

రెండో గొంతు అలెక్స్ చిల్టన్‌ది. 1967లో 16 ఏళ్లకే బాక్స్ టాప్స్ అనే బ్యాండ్ తరఫున 'ది లెటర్' పాడితే అది అమెరికాలో నంబర్ వన్ అయింది. కానీ ఆ బ్యాండ్‌లో నిర్ణయాలన్నీ వేరేవాళ్లవి. అందుకే అది వదిలేసి వచ్చి బెల్ బృందంలో చేరాడు. ఇద్దరూ బీటిల్స్‌లోని లెనన్, మెకార్ట్నీల్లాగా పాటలకు జంటగా పేర్లు వేసుకున్నారు. ఆండీ హమ్మెల్ బేస్, జోడీ స్టీఫెన్స్ డ్రమ్స్. బ్యాండ్ పేరు స్టూడియో దగ్గరున్న సూపర్ మార్కెట్‌ది.

బెజవాడబేస్:
ఇందులో 'ది ఇండియా సాంగ్' అని ఒకటుంది, రాసింది హమ్మెల్. అడవిలో పెద్ద తెల్ల ఇల్లు, పియానో, చేతిలో డ్రింక్... అదీ ఆయన ఊహించుకున్న ఇండియా. ట్యూన్ హాయిగా ఉంటుంది కానీ ఆ దొరల బంగళా కల నాకు ఎక్కలేదు. ఆల్బమ్‌లో నేను దాటేసే పాట అదొక్కటే. బేసిస్ట్‌గా మాత్రం హమ్మెల్ నాకు చాలా ఇష్టం. తర్వాత సంగీతం వదిలేసి ఇంజినీరుగా స్థిరపడ్డాడు.

మెంఫిస్‌నుంచి:
ఉద్యోగం ఇక్కడే కాబట్టి మాడిసన్ అవెన్యూ మీదుగా తరచూ వెళ్తుంటాను, ఆర్డెంట్ ఉన్నది ఆ రోడ్డులోనే. ఆఫీసులో మెంఫిస్ సంగీతం అంటే ఎల్విస్, స్టాక్స్ రికార్డ్ కంపెనీ పేర్లే వస్తాయి. బిగ్ స్టార్ అంటే ఒకరిద్దరి మొహాలే వెలుగుతాయి.

అమ్మకాల సంగతికొస్తే, రికార్డును దుకాణాలకు చేర్చాల్సింది స్టాక్స్. నల్లజాతి అమెరికన్ల సోల్ సంగీతంలో వాళ్లకు తిరుగులేదు. రాక్ రికార్డులు అమ్మే పట్టు మాత్రం వాళ్లకు లేదు. రేడియోలో పాట విని కొందామని షాపుకి వెళ్తే సరుకే ఉండేది కాదు. తర్వాత స్టాక్స్ తన పంపిణీని కొలంబియా అనే పెద్ద రికార్డ్ కంపెనీకి అప్పగించింది. పాత డిస్ట్రిబ్యూటర్లు పక్కకు పోయారు, కొలంబియా ఈ రికార్డును పట్టించుకోలేదు. జనం విని వద్దనుకున్నారనడం అన్యాయమండీ. వాళ్లకు అది చేరనే లేదు.

తీగలపెట్టె:
@మెంఫిస్‌నుంచి, మీరు రాసింది చదువుతుంటే మా గొడవే గుర్తొచ్చింది. విశాఖలో మాది నలుగురి బ్యాండ్. మొదటి ఈపీ (కొన్ని పాటల చిన్న రికార్డు) ఫలానా తేదీన వస్తుందని అందరికీ చెప్పుకున్నాం. పాటలను యాప్‌లలో పెట్టాల్సిన కంపెనీ ఆ రోజుకు పెట్టలేదు. చూద్దామని వెతికినవాళ్లకు ఏమీ దొరకలేదు. పాటలు ఎక్కేసరికి వాళ్ల ఉత్సాహం చల్లారిపోయింది. రివ్యూ రాస్తానన్న అబ్బాయి కూడా మళ్లీ పలకలేదు. చిన్న బ్యాండ్‌లకు నా సలహా ఒకటే: పాట అన్ని చోట్లా ప్లే అవుతోందని చూసుకున్నాకే తేదీ ప్రకటించండి.

ఆరోతీగ:
@తీగలపెట్టె, బాధగా ఉంది బ్రో. ఆ ఈపీ లింక్ ఇక్కడ పెట్టు, వింటాం.

నైట్‌షిఫ్ట్:
నాదొక వేరే మాట. మొదటిది బాగుంది, కాదనను. కానీ 1974లో వచ్చిన వాళ్ల రెండో ఆల్బమ్ 'రేడియో సిటీ' ఇంకా బాగుంటుంది. అందులో బెల్ మెరుగులు తగ్గి చిల్టన్ గిటార్ గరుగ్గా, ధైర్యంగా ఉంటుంది. 'సెప్టెంబర్ గర్ల్స్' ఒక్కటి చాలు.

పాతరికార్డులు:
@నైట్‌షిఫ్ట్, ఒప్పుకుంటానండీ, కానీ ఆ తేడా వెనక ఒక నష్టం ఉంది. మొదటి ఆల్బమ్ మునిగిపోవడం బెల్‌ను బాగా దెబ్బతీసింది. 1972 చివరికే బ్యాండ్ వదిలేశాడు. 1978లో 'ఐ యామ్ ది కాస్మోస్' అనే సింగిల్ వచ్చింది, అదే డిసెంబరులో 27 ఏళ్లకు కారు ప్రమాదంలో పోయాడు. తన పాటలు ఆల్బమ్‌గా వచ్చింది 1992లో. ఆర్.ఇ.ఎం. వాళ్లు బిగ్ స్టార్ పేరు చెప్పుకోవడం, మొదటి ఆల్బమ్‌లోని 'ఇన్ ది స్ట్రీట్' అమెరికా టీవీ సీరియల్‌కు టైటిల్ పాట కావడం, ఏదీ అతను చూడలేదు.

కొత్తగాచేరా:
అన్నలూ, నేను గిటార్ నేర్చుకుంటున్నాను. ఈ ఆల్బమ్‌లో మొదట ఏ పాట పట్టుకోవాలి?

ఆరోతీగ:
'థర్టీన్' తమ్ముడూ. డ్రమ్స్ లేవు కాబట్టి నీ గిటార్ నీకు స్పష్టంగా వినిపిస్తుంది. స్ట్రమ్మింగ్ వద్దు, వేళ్లతోనే మీటు. రికార్డులో రెండు గిటార్లు కలిసి మోగుతాయి, అవి రెండూ ఒక్కడివే వాయించాలని చూడకు. ముందు ఒక కార్డ్ (chord, కలిపి మోగించే స్వరాలు) నుంచి ఇంకో దానికి తడుముకోకుండా మారడం వస్తే చాలు. టెన్షన్ పడకుండా మెల్లగా మొదలుపెట్టు, ఎక్కడ ఆగితే అక్కడ ఇక్కడే అడుగు.