కార్యాలయాల్లో కాగితపు కప్పులు ఆపేసి స్టీలు గ్లాసులు పెట్టడం పర్యావరణానికి నిజంగా మేలేనా?

మంజీర (చర్చ ప్రారంభించినవారు)

హైదరాబాద్‌లో మాదాపూర్ వైపు ఉన్న మా కార్యాలయంలో సుమారు 300 మంది పనిచేస్తున్నాం. ఒక్కొక్కరు రోజుకు రెండుసార్లు టీ తాగుతారనుకున్నా, 600 కాగితపు కప్పులు చెత్తబుట్టలో పడుతున్నాయి. కప్పులు కొనడం పూర్తిగా ఆపేసి స్టీలు గ్లాసులు పెట్టాలని మా పర్యావరణ కమిటీ తరఫున నేను ఒక ప్రతిపాదన రాశాను. దానికి సహోద్యోగుల నుంచే వ్యతిరేకత వస్తున్నందువల్ల ఇక్కడి సభ్యుల అభిప్రాయం అడుగుతున్నాను.

కాగితపు కప్పు అంటే ఉత్త కాగితం కాదు. టీ కారిపోకుండా లోపలి వైపు పల్చటి ప్లాస్టిక్ పొర అతికిస్తారు. ఆ పొర వల్ల అది పాత కాగితాల బేరానికి పోదు, మట్టిలో కలవదు, చివరికి జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకే చేరుతుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో చెప్పిన దాని ప్రకారం, 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం ఇలాంటి కప్పులో పదిహేను నిమిషాలు ఉంటే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు అందులోకి దిగుతాయి. తమిళనాడు ప్రభుత్వం 2019 జనవరి నుంచే ప్లాస్టిక్ పూత ఉన్న కప్పులను నిషేధించింది, 2023లో సుప్రీంకోర్టు కూడా ఆ నిషేధాన్ని సమర్థించింది. ఇన్ని తెలిసిన తరవాత కూడా మనం ఇంకా ఎందుకు ఆలోచిస్తున్నామో నాకు అర్థం కావడం లేదు.

బోరుబావి

మీరు చెత్త గురించి చెప్పారు గాని, నీళ్ల గురించి ఒక్క మాట కూడా రాయలేదు. ఈ నగరానికి వచ్చే కృష్ణా నీరైనా, ఎల్లంపల్లి నుంచి వచ్చే గోదావరి నీరైనా వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పంపులతో ఎత్తిపోస్తేనే వస్తుంది. అంటే మన కుళాయిలో పడే ప్రతి చుక్క వెనక కరెంటు ఉంది. రోజుకు 600 గ్లాసులు సబ్బుతో తోమి కడగడానికి అయ్యే నీటిని, ఆ సబ్బు నీరు వెళ్లే మురికి కాలువను లెక్కలోకి తీసుకోకుండా స్టీలు మంచిదని తీర్మానించడం సరికాదు.

మంజీర

బోరుబావి గారూ, గ్లాసుకు పావు లీటరు చొప్పున వేసుకున్నా 600 గ్లాసులకు అయ్యేది 150 లీటర్లు. పది లీటర్లు పట్టే పాతకాలపు ఫ్లష్ ట్యాంకును పదిహేను సార్లు వదిలితే పోయే నీళ్లవి. 300 మంది ఉన్న కార్యాలయంలో మరుగుదొడ్లలో అంతకు ఎన్నో రెట్లు పోతున్నాయి. కాగితం తయారు చేసే మిల్లులో గుజ్జుకు పట్టే నీటిని కూడా మీరు లెక్కించాలి. ఆ నీరు మన కంటికి కనిపించదు కనుక లేనట్టు మాట్లాడుతున్నాం.

పాతబస్తీ చాయ్

ఇరానీ హోటళ్లలో రోజూ వేలమందికి పింగాణీ కప్పు, సాసరులోనే ఇస్తున్నారు, అక్కడ ఈ చర్చ ఎన్నడూ రాలేదు.

లెక్కల మాస్టారు

ఈ విషయం మీద పాతదే అయినా ఒక మంచి అధ్యయనం ఉంది. కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త మార్టిన్ హాకింగ్ 1994లో, తయారీకి, కడగడానికి పట్టే శక్తిని మాత్రమే లెక్కగట్టి చూశారు. పింగాణీ కప్పును కనీసం 39 సార్లు వాడితేనే కాగితపు కప్పుతో సమానం అవుతుందని ఆయన తేల్చారు. అది యంత్రంలో వేడి నీళ్లతో కడిగే దేశాల లెక్క. మన దగ్గర చన్నీళ్లతో చేత్తో కడుగుతాం కనుక శక్తి ఖర్చు ఇంకా తగ్గుతుంది, స్టీలు గ్లాసు పగలదు కనుక 39 అన్నది పెద్ద సంఖ్యే కాదు. రోజుకు రెండుసార్లు వాడినా నెలలోపే ఆ హద్దు దాటిపోతుంది. అయితే నీటి విషయం ఈ లెక్కలో లేదని కూడా చెప్పాలి.

బోరుబావి

మాస్టారు గారు చివరి వాక్యంలో ఒప్పుకున్నదే నేను మొదటి నుంచీ అడుగుతున్నాను. పావు లీటరుతో గ్లాసు శుభ్రపడుతుందని రాసినవారు పాలు పోసిన టీ గ్లాసును తోమి చూడాలి. అరగంట ఆగిన గ్లాసు అడుగున మీగడ ఎండి గోధుమరంగు వలయంలా అతుక్కుంటుంది. అది పీచుతో రెండుసార్లు రుద్దితే గాని వదలదు, ఆ రుద్దుతున్నంతసేపూ కుళాయి తిరిగే ఉంటుంది.

ఇది నాకు పుస్తకాల్లోని విషయం కాదు. మేము ఔటర్ రింగు రోడ్డు దాటిన ఒక గ్రామంలో ఉంటాం. మా ఊరి పొలాల్లో బోర్లు వేసి, రాత్రింబవళ్లు ట్యాంకర్లకు నింపి, ఐటీ భవనాలకు అమ్ముతున్నారు. రెండు వేసవుల కిందట మా ఇంటి బోరు ఎండిపోయింది. ఇప్పుడు మా అమ్మ ఇంటి ముందుకు వచ్చే ట్యాంకరు దగ్గర బిందెలతో నిలబడుతోంది. అలా నీళ్లు కొనే భవనాల్లోనే గోడకు హరిత భవనమన్న ధ్రువపత్రం వేలాడుతూ ఉంటుంది. మీ కప్పుల చెత్త మీకు కనబడుతున్నది, మా నీళ్లు మీకు కనబడడం లేదు.

విశాఖ గాలి

ఎవరి గ్లాసు వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకుని వాళ్లే కడుక్కుంటే సరిపోతుంది కదా.

మంజీర

మీ ఊరి నీటి కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. కాని ఆ కష్టానికి కారణం భూగర్భ జలాల అమ్మకం మీద నియంత్రణ లేకపోవడం, అంతే తప్ప టీ గ్లాసు కాదు. ప్రతి మంచి మార్పుకూ ఏదో ఒక అడ్డు చెప్పి ఆపేవారు ఎప్పుడూ ఉంటారు. 2022 జులై ఒకటిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల మీద దేశమంతటా నిషేధం వచ్చినప్పుడు కూడా స్ట్రాలు లేకుండా ఎలా అన్నవారు ఉన్నారు. ప్లాస్టిక్ కలిసిన టీ తాగడం మీకు సమ్మతమైతే అలాగే చెప్పండి, నీటిని అడ్డం పెట్టుకోవద్దు.

బోరుబావి

నేను అడ్డం పెట్టుకోవడం లేదు. నా ఇంట్లో నీళ్లు లేవని చెబుతున్నాను. ఆ మాటకు ఈ జవాబు వస్తుందని అనుకోలేదు.

చేతిపని

నాలుగు రోజులుగా ఈ చర్చ చదువుతున్నాను. ఇందులో కప్పు ఉంది, నీరు ఉంది, కరెంటు ఉంది, కాగితపు మిల్లు కూడా ఉంది. ఆ గ్లాసులు కడిగే మనిషి మాత్రం ఎక్కడా లేదు.

నేను ఒక కార్యాలయ భవనంలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. మా దగ్గర కిందటి ఏడాది ఇదే మార్పు వచ్చింది. కప్పులు ఆపేశామని లిఫ్టు పక్కన బోర్డు పెట్టారు, ఫొటోలు తీసుకున్నారు. అదే నెలలో కాంట్రాక్టు రేటు తగ్గించడంతో ఒక్కో షిఫ్టుకు తొమ్మిది మంది ఉండే చోట ఆరుగురు మిగిలారు. ప్యాంట్రీలో ఉన్నది చేతులు కడుక్కునే చిన్న సింకు ఒక్కటే. సాయంత్రం నాలుగున్నర తరవాత ఆ సింకులో, పక్కన గట్టు మీద, నేల మీద ట్రేలలో గ్లాసులు పేరుకుంటాయి. కొన్నింటిలో టీ సంచులు, కొన్నింటిలో బిస్కెట్ ముక్కలు, ఒక్కోసారి సిగరెట్ పీకలు కూడా ఉంటాయి. వంగి తోమి తోమి మా ఆడవాళ్ల వేళ్ల సందులు సబ్బుకు పాసిపోయాయి. చేతి తొడుగులు అడిగితే కొనే పద్దులో లేవన్నారు.

కాగితపు కప్పు మంచిదని నేను అనడం లేదు. ఆ కప్పుల సంచులు మోసేదీ మేమే, అడుగున మిగిలిన టీ కారి చీరల మీద పడేదీ మాకే. కాని కప్పులు ఆపినందువల్ల కంపెనీకి మిగిలిన డబ్బు ఎక్కడికి పోయింది? పర్యావరణానికి పోలేదు, కడిగేవారికీ రాలేదు.

మంజీర

చేతిపని గారూ, మీ దగ్గర జరిగింది అన్యాయమే. అయితే అది కాంట్రాక్టరు, యాజమాన్యం చేసిన తప్పు. రెండింటినీ కలిపితే నష్టపోయేది పర్యావరణ ప్రతిపాదనే. మా కమిటీకి బడ్జెట్ లేదు. అదనంగా ఒక మనిషిని పెట్టాలని, సింకు కట్టాలని రాస్తే ఖర్చు పేరు చెప్పి ప్రతిపాదన మొత్తాన్ని పక్కన పడేస్తారు. ముందు కప్పులు ఆగితే, తరవాత సిబ్బంది సంగతి వేరుగా అడగవచ్చు.

చేతిపని

ఆ 'తరవాత' మాకు ఎన్నడూ రాలేదు. మీ ప్రతిపాదనకు ఖర్చు లేదని మీరు అనుకుంటున్నారు. ఖర్చు ఉంది, అది మా ఒంటి మీద పడుతోంది కనుక మీ కాగితంలో కనిపించడం లేదు.

గడప దాటని గృహిణి

ఈ మాట ఇళ్లకు కూడా వర్తిస్తుంది. తడి చెత్త, పొడి చెత్త, హానికర చెత్త వేరు చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి, మంచిదే. మా అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలో దాని మీద గంటసేపు మాట్లాడినవారంతా మగవారే. ఇంటికి వచ్చాక పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టేది, కూరగాయల తొక్కలు కుండీలో వేసి ఎండుటాకులు కప్పేది, పురుగు పడితే తీసేది నేనే. పొడి చెత్తలో తడిది కలిస్తే చెత్త బండి అతను మాట అనేదీ నన్నే. నా భర్తకు మాత్రం మా బ్లాకులో పర్యావరణ ప్రేమికుడని మంచి పేరుంది.

లెక్కల మాస్టారు

శ్రమను కూడా లెక్కలో పెట్టిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. సిద్దిపేట జిల్లా పల్లెల్లో స్టీలు బ్యాంకులు పెట్టి, పెళ్లిళ్లకు, విందులకు స్టీలు పళ్లేలు, గ్లాసులు అద్దెకు ఇస్తున్నారు. వాటిని నడిపేది స్త్రీల స్వయం సహాయక సంఘాలు. ప్లాస్టిక్ విస్తరి పోయిన చోట ఆ స్త్రీల సంఘానికి అద్దె వస్తోంది. కార్యాలయంలో కూడా కప్పులకు పెట్టే డబ్బు ఎంతో లెక్కగట్టి, దాన్ని కడిగేవారి జీతం పద్దులోకి మార్చాలని ప్రతిపాదనలోనే రాయడానికి అభ్యంతరం ఏమిటి?

మంజీర

నాకు అభ్యంతరం లేదు, యాజమాన్యానికి ఉంటుంది. అసంపూర్ణంగానైనా ఒక అడుగు వేయడం మేలని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. మనం ఇక్కడ అన్నీ సమకూరే దాకా ఆగుదామంటే, రోజుకు 600 చొప్పున ఆ కప్పులు జవహర్‌నగర్‌కు వెళ్తూనే ఉంటాయి. అక్కడ చుట్టుపక్కల కాలనీల్లో ఉన్నవారూ మనుషులే, ఆ వాసన పీల్చేదీ వారే.

చేతిపని

వారి గురించి మీరు బాధపడడం న్యాయమే, మా ఇళ్లు కూడా ఆ వైపే ఉన్నాయి. అందుకే అడుగుతున్నాను. ప్రతిపాదనలో మూడు మాటలు చేర్చండి. లోతైన సింకు రెండు, చేతి తొడుగులు, షిఫ్టుకు ఒక మనిషి అదనం. అవి ఒప్పుకోకపోతే విశాఖ గాలి గారు అన్నట్టు ఎవరి గ్లాసు వారే కడుక్కోవాలని రాయండి, ఆ నియమం మేనేజర్లకు కూడా వర్తిస్తుందని స్పష్టంగా రాయండి. మా భవనంలో కడగకుండా వదిలేసే గ్లాసుల్లో ఎక్కువ వారి గదుల్లోనే దొరుకుతాయి. ఈ రెండింటిలో ఏదీ రాయని పక్షంలో, ఆ కాగితం మీద మీరు సంతకం చేయకండి.

మంజీర

మేనేజర్ల పేరెత్తితే ఆ ప్రతిపాదన కమిటీ దాటదు. అయినా ఈ బుధవారం సమావేశంలో రెండు విధాలుగానూ చదివి వినిపిస్తాను, ఏది ఒప్పుకుంటారో చూస్తాను.

బోరుబావి

ఆర్‌ఓ యంత్రం శుద్ధి చేసే నీటికంటే వదిలేసే నీరే చాలాచోట్ల ఎక్కువ ఉంటుంది. మొదటి కడుగుకు ఆ నీటిని తొట్టిలో పట్టి వాడాలని కూడా అందులో రాయండి. నా ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. మీ భవనానికి నీళ్లు ఏ ఊరి నుంచి వస్తున్నాయి?